వెనుక నిలబడే మనిషి

2011 జూన్. పాలకుర్తి దగ్గర ఒక ఊరి చర్చి. పెంతెకొస్తు పండుగకు ముందు రోజు, మధ్యాహ్నం. ఈ సంఘంలో పెంతెకొస్తు ఆరాధనలో యువతీయువకులు ముందుకు వస్తారు. ఒక్కొక్కరి వెనుక పాస్టరు గానీ ఒక సంఘపెద్ద గానీ నిలబడి, భుజం మీద చెయ్యి వేసి పూచీ ఇస్తాడు. సండేస్కూలు చెప్పే సునంద, సంఘపెద్ద రాజలింగం సారు మాట్లాడుకుంటున్నారు.

"గులాబీ కాయితాలు ఎవలు తెమ్మన్నరు చెల్లె? పెంతెకొస్తుకు ఎర్రవి గదా కట్టేది. గిది చర్చా, పార్టీ ఆఫీసా?"

"శ్రీనివాస్ దుకాణంల ఎర్రవి అయిపోయినయట అన్నా. ఏడాదిన్నర సంది ఆయన గులాబీ తప్ప వేరే రంగు అమ్ముతలేడు."

"తియ్యుమను. ఎర్రవి దొరకకుంటే గోడలు ఉత్తగనే ఉండనీ."

"తీపిస్త. కాయితాల సంగతి నేను చూసుకుంట. నేనడిగిన దానికి జవాబు చెప్పున్రి."

"ఏమడిగినవ్?"

"మల్ల అడగాల్నా? రేపు గ్రేస్ వెనుక నిలబడుతరా, నిలబడరా?"

"మైకు సెట్టు వచ్చిందా?"

"అన్నా."

"మైకు సంగతి ముత్తయ్యకు అప్పజెప్పిన. ఫోన్ చేస్తే ఎత్తుతలేడు."

"ముత్తయ్య మైకు తెచ్చిండు, వైర్లు గుంజిండు, ఇంటికి పోయి తిని పండుకున్నడు. గ్రేస్ సంగతి చెప్పున్రి."

"చెప్పేదేముంది? ముత్తయ్య గూడ సంఘపెద్దనే గదా, ఎట్లాగు ఆ పిలగాడు హీర్యా వెనుక నిలబడుతున్నడు. గ్రేస్‌ను గూడ ఆడనే నిలబెట్టు. ఒక చెయ్యి వాని మీద, ఒక చెయ్యి ఈ పిల్ల మీద. మనిషికి రెండు చేతులున్నయి గదా."

"ముత్తయ్య సరేనన్నడు. పిల్లనే వద్దన్నది."

"వద్దన్నదా?"

"మూడుసార్లు అడిగిన. రాజలింగం సారు నిలబడితేనే ముంగటికి వస్త, లేకుంటే రానంటది."

"గదేం జిద్దు?"

"నాకేం తెలుసు? మిమ్మల్నే అడుగుదామని వచ్చిన."

"నన్నడిగితే నాకేం తెలుసు? వద్దంటే ఊకో. వచ్చే ఏడాది నిలబడుతది. పెంతెకొస్తు ఏటేటా వస్తది."

"నర్సింగ్ స్కూలోళ్లు ఏటేటా పిలువరు. బుధవారం ఇంటర్వ్యూ. మిషన్ దవాఖానోళ్లకు సంఘం చిట్టీ సూపెట్టకుంటే సీటు లేదు. పెంతెకొస్తు నాడు నిలబడ్డ పిల్లలకే చిట్టీ. ఆ కాయిదా, ఆ రూలు పెట్టింది మీరే."

"నేనొక్కన్నే పెట్టలె. కమిటీ పెట్టింది."

"పిల్లలకు ఆసరా గావాలె, ఊకె ప్రార్థన చేసి పంపుడు కాదు, వాళ్ల వెనుక మనుషులు నిలబడాలె అని పోయిన పెంతెకొస్తుకు మీరే చెప్పిన్రు. నేను ముందు వరుసల్నే కూసున్న."

"నీకు అన్నీ యాదికుంటయి."

"ఇంట్ల ఉండేదాన్ని. యాది పెట్టుకునుడు తప్ప నాకేం పనున్నది?"

"మరి నువ్వే నిలబడు."

"నిలబడనిస్తరా? పాస్టరో, సంఘపెద్దలో నిలబడాలె. పెద్దల్ల ఆడోళ్లు లేరు. ఆ కాయిదా గూడ యాదున్నది."

"పాస్టరు గారిని అడగకపోయినవా?"

"అడిగిన. 'మీ తెలంగాణ గొడవల్లోకి నన్ను లాగకండమ్మా, పెద్దలు మీరు మీరు చూసుకోండి' అన్నరు. ఆయనది గుంటూరు దిక్కు. ఆయన భయం ఆయనకున్నది. మీదేం భయం?"

"చెల్లె, నీకు సమజైతలేదు. పిల్ల మీద కేసున్నది. రైలు మీద రాళ్లేసి అద్దాలు పలగ్గొట్టిందని రాసిన్రు. పేపర్ల గూడ పడ్డది. నేను సర్కారు బడి హెడ్మాస్టర్ను. తొమ్మిది నెలలల్ల రిటైరైత. కేసున్న పిల్ల భుజం మీద చెయ్యేసి..."

"గ్రేస్ రాయి ఏసిందని మీరు నమ్ముతున్నరా?"

"నేను నమ్ముడేంది? పోలీసులు రాసిన్రు."

"వాళ్లు రాసింది గాదు. మీరు నమ్మింది అడుగుతున్న."

"నేను చూడలె."

"నేను చూసిన. మార్చిల రైల్‌రోకోకు ఊరంత పోతే నేను గూడ పోయిన. జనగామ టేషన్ల పట్టాల మీద కూసున్న. గ్రేస్ బిందె ఎత్తుకొని అందరికి నీళ్లు పోసుకుంట తిరిగింది. రెండు చేతుల బిందె ఉన్న పిల్ల రాయి ఎట్ల ఇసురుతది?"

"నువ్వు గంటసేపు కూసుని, ఇంట్ల పొయ్యి మీద పప్పున్నదని వచ్చేసినవ్. తర్వాత ఏమైందో నీకు తెలుసా?"

"మీకు తెలుసా?"

"నేను పోనే పోలె."

"మీ కొడుకు రాహుల్ పోయిండు గదా."

"మా రాహుల్ సంగతి ఎందుకు మధ్యల?"

"ఊకెనే అడిగిన."

"వాడు పోలె. పోయినా మధ్యల్నే వచ్చిండు."

"పోలేదా, మధ్యల వచ్చిండా?"

"ఠాణాల అడిగినట్లు అడుగుతున్నవ్ చెల్లె."

"ఠాణాల గింత మర్యాదగ అడగరు అన్నా. రేపు రాహుల్ గూడ నిలబడుతున్నడు. వాని వెనుక పాస్టరు గారున్నరు. హీర్యా వెనుక ముత్తయ్య. దుర్గమ్మ బిడ్డ గ్రేస్ ఒక్కతే బెంచీ మీద కూసుంటది. చూసుకుంట కూసుంటరా మీరు?"

"ఆ పిల్ల గురించి నాకు చెప్తున్నవా? తొమ్మిది దినాలు జైల్ల ఉన్నప్పుడు దుర్గమ్మ ఎవలింటికి వచ్చి ఏడ్చింది? వకీలు దగ్గరికి ఎవలు తిరిగిన్రు? జమానతు మనుషులను ఎవలు మాట్లాడిన్రు?"

"మీరే."

"మరి?"

"అందుకే నాకు సమజైతలేదు. బెయిలుకు ముందు నడిచిన మనిషి, భుజం మీద చెయ్యి పెట్టుమంటే ఎందుకు ఎనుకకు జరుగుతున్నడు?"

"చెయ్యి పెట్టుడు ఒక్కటే అయితే పెడుదును."

"ఇంకేమున్నది?"

"మాట చెప్పాలె గదా."

"'ఈ బిడ్డను నేనెరుగుదును. ఈమెలో దోషమేమియు నాకు కనబడలేదు. ఈమె వెనుక నేనున్నాను.' మూడు మాటలు. ముప్పై ఏండ్ల సంది చెప్తున్నరు, మీకు నోటికొచ్చు."

"నోటికొచ్చు."

"మరింకేంది?"

"మధ్యల మాట గొంతు దాటదు."

"కేసు భయమా?"

"అవ్. కేసు భయం."

"గింత జల్ది ఒప్పుకున్నరంటే అది గాదు."

"నువ్వు వకీలు చదువు చదవాల్సింది చెల్లె."

"బీఏ చదివి కూరగాయలు తరుగుతున్న. మాట మార్చకున్రి."

"ఎవలో వస్తున్నరు. తలుపు కాడ ఎవలు?"

"నేను సార్, గ్రేస్‌ను. సునందక్కా, ఎర్ర కాయితాలు దొరికినయి! శ్రీనివాస్ అన్న గోదాంల రెండు కట్టలున్నయి. ఎలుకలు జర కొరికినయి గని, మలిచి కడితే కనబడది."

"ఆ బల్ల మీద పెట్టు బిడ్డా. ఇటు రా. సారు ఈడనే ఉన్నరు, నువ్వే అడుగు."

"నేనడిగేదేమున్నది అక్కా. నీతోని అడిగిపిచ్చిన గదా."

"కూసో గ్రేస్. మంచిగున్నవా? మీ అవ్వ మంచిగున్నదా?"

"మంచిగున్నది సార్. పత్తి గింజలు పెట్ట కూలికి పోయింది."

"బిడ్డా, నా మాట ఇను. ముత్తయ్య నాకంటే పెద్దోడు, నాకంటే మంచోడు. ఆయన నిలబడితే నీకు చిట్టీ వస్తది. ఆరాధన అయినంక నేనే రాసిస్త. బుధవారం పోయి సీటు తెచ్చుకో. నేనైనా ఆయనైనా దేవుని ముంగట ఒకటే గదా."

"ఒకటి గాదు సార్."

"ఎందుకు గాదు?"

"ముత్తయ్య పెద్దనాయిన చెప్తే ఊరోళ్లు ఇంటరు."

"నేను చెప్తే?"

"మీరు చెప్తే మీకు గూడ ఇనబడుతది."

"గ్రేస్! సారుతోని గట్లనా మాట్లాడేది?"

"తప్పయితే మాఫ్ చెయ్యి అక్కా."

"చెల్లె, నువ్వు జర బయటికి పో."

"నేనెందుకు పోవాలె?"

"పో అంటున్న గదా."

"పోకు అక్కా. నువ్వుండు."

"బిడ్డా, జిద్దుల పడి సీటు పోగొట్టుకుంటవ్. మీ అవ్వ చేతులు ఎట్లయినయో చూసినవా?"

"రోజూ చూస్తున్న సార్. సీటు పోతే నేను గూడ పత్తి ఏరుకుంట. మీరు నిలబడకుంటే మాత్రం ముంగటికి రాను."

"నాకు ముప్పై మంది మొక్కినా నేను..."

"అన్నా, కూసోన్రి. గ్రేస్, గా కూజల నీళ్లు తే."

"నీళ్లు వద్దు. ఇద్దరు ఇనున్రి. నేను ఆ పిల్ల వెనుక నిలబడలేను. కేసుకు భయపడి గాదు."

"మరెందుకు అన్నా?"

"రైల్‌రోకో అయిన మూడో దినం ఠాణోళ్లు బడికి వచ్చిన్రు. ఫోటో సూపెట్టిన్రు. అండ్ల రాహుల్ ఉండె. చేతుల రాయి ఉండె."

"అంటే రాయి ఏసింది..."

"అవ్. వాడే. 'నీ కొడుకు కొలువు చేసేటోడు అయితడు, వాని పేరు తీసేస్తం, వానికి బదులు ఒక పేరు రాసియ్యి' అన్నరు. తలుపు పెట్టుకొని కూసున్నరు. పక్క గదిల పిల్లలు ఎక్కాలు చదువుతున్నరు. నేను..."

"ఎవల పేరు రాసిన్రు అన్నా?"

"ఎర్ర కాయితాలు ఇంక కట్టలే చెల్లె."

"అన్నా, ఎవల పేరు?"

"నా పేరే అక్కా."

"నీకు... నీకెట్ల తెలుసు బిడ్డా?"

"ఠాణాల ఆ కాయితం నా ముంగటనే పెట్టిన్రు సార్. నాతోని అ ఆలు దిద్దిచ్చింది మీరే. మీ రాత నేను గుర్తుపట్టనా?"

"గ్రేస్, మూడు నెలల సంది గిది కడుపుల పెట్టుకొని తిరుగుతున్నవా? నాకు చెప్పలె, మీ అవ్వకు చెప్పలె, వకీలుకు గూడ చెప్పలె. ఎందుకే పిల్లా?"

"చెప్తే సారును పెద్దరికంల నుంచి తీసేస్తుండె అక్కా. మల్ల రేపు నా వెనుక నిలబడి, నాల దోషం లేదని ఎట్ల చెప్తుండె?"