మెతోడి బావ రెండు సీట్ల బండి

గ్రీసు నుంచి బండి తెస్తున్నావా? సెకండ్ హ్యాండా? తెచ్చుకో నాయనా, వద్దనడానికి నేనెవర్ని? కానీ మా మెతోడి బావ కూడా అలాగే సరిహద్దు దాటి వెళ్ళి ఓ బండి తెచ్చాడు, ఆ సంగతి మీ అమ్మ చెప్పిందా? చెప్పలేదూ? దానికేం గుర్తుంటుందిలే, అప్పుడు దానికి పరీక్షలు. ఇలా కూచో, తింటూ విను. ఆ కుర్చీ కాదురా, దాని కాలు ఊగుతుంది. మెతోడి బావంటే మా రూసా అక్క మొగుడు. ఆయన పోయి ఇరవై ఏళ్ళు కావొస్తోంది. మనిషి పొడుగు, మాట పొట్టి. నేను మరదల్ని కదా, ఊరుకుంటానా? ‘ఏం బావా, నోరు తెరిస్తే ముత్యాలు రాలతాయా?’ అని ఉడికించేదాన్ని. నవ్వేవాడు, అదీ సగమే. మిగతా సగం అక్క కోసం దాచుకునేవాడని నా అనుమానం.

వాళ్ళది టమాటా సాగు. ప్లాస్టిక్ పందిళ్ళ కింద, ఆ ఉక్కలో, పెళ్ళయిన దగ్గర్నుంచీ అదే పని. పెట్రిచ్ మార్కెట్టుకి పెట్టెలు తీసుకెళ్ళేందుకు ఓ డొక్కు వ్యాను ఉండేది. బావ ముందు కూచుని నడిపేవాడు, అక్క వెనకాల చీకట్లో పెట్టెలు పడిపోకుండా రెండు చేతులా పట్టుకుని కూచునేది. ఆ వ్యాను సరిగ్గా పంట చేతికొచ్చే వారం చచ్చూరుకుంది. గ్రీసుకి వీసాలు తీసేసిన కొత్తల్లో అది. అక్కడ పాత బండ్లు బాగుంటాయని అందరూ ఎగబడుతున్నారు. అక్క ఇంట్లో ఉన్న డబ్బంతా బావ చేతిలో పెట్టి, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. ‘వ్యాను. వెనక తలుపులు బాగా తెరుచుకోవాలి. ముప్ఫై పెట్టెలు పట్టాలి. పంట కుళ్ళిపోయేలోగా రావాలి. వింటున్నావా?’ బావ వింటున్నాననే అన్నాడు. బస్సెక్కి సరిహద్దు అవతల సెరెస్ అనే ఊరికి వెళ్ళాడు.

సాయంత్రానికి వీధిలో ఓ చప్పుడు! పులి గాండ్రించినట్టు. మేమంతా బయటికి పరిగెత్తాం. ఎర్రగా నిగనిగలాడుతూ, ఎత్తు చూస్తే నా మోకాలి దాకా, నెత్తిన కప్పు లేదు, ఉన్నవి రెండే సీట్లు. అందులో మా బావ మడతకుర్చీలా ముడుచుకుని కూచున్నాడు. పక్కింటి అపొస్తోల్ ఊరుకుంటాడా? ‘మెతోడీ, మిగతా సగం వెనకాల వస్తోందా?’ అన్నాడు. వీధి వీధంతా ఘొల్లుమంది. నేనూ నవ్వాన్రా, కడుపు పట్టుకుని నవ్వాను. ఇంతలో అక్క వచ్చింది, చేతులనిండా టమాటా ఆకు పసరు.

బావ మొదలెట్టాడు. ‘రూసా, నా తప్పేం లేదు. నేను వ్యానే చూపించమన్నాను. పక్కనే ఇదుంది. ఆ గ్రీకువాడు, ఇది కావాలా అన్నాడు. నేను “నే, నే, నే” అన్నాను.’ అర్థమైందా? మన భాషలో ‘నే’ అంటే వద్దు. గ్రీకులో ‘నే’ అంటే అవును. ఈయనకి ఆ బండే కావాలనుకుని వాడు కాఫీ తెప్పించాడట, కాయితాలు రాశాడట, ఈయనేమో అవి వ్యాను కాయితాలే అనుకుని సంతకాలు గీకాడట! జనం అయ్యో పాపం అన్నారు. అక్క అనలేదు. చేతులు గౌనుకి తుడుచుకుంటూ, ‘పదేళ్ళుగా గ్రీకు లారీవాళ్ళకి టమాటాలు అమ్ముతున్నావు కదా. నీకు నే అంటే తెలీదూ?’ అంది.

ఇవాళ వీళ్ళ కాపురం వీధిన పడుతుందనుకున్నాను నేను. బావ తలొంచుకుని, ‘తెలుసు’ అన్నాడు. ‘తెలిసే అన్నాను. వ్యాను కొంటే నువ్వు మళ్ళీ వెనకే కూచుంటావు. దీనికి వెనకంటూ లేదు రూసా.’ ఆయన జన్మలో అంత పొడుగు మాట నేను వినలేదు. అపొస్తోల్ కూడా టోపీ తీసేశాడు. మా అక్క కరిగిందనుకున్నావా? దాని సంగతి నీకు తెలీదు. ‘పంట కుళ్ళితే ఈ ఎర్ర డబ్బాని వండుకు తింటామా? పొద్దున్నే వెనక్కిచ్చేద్దాం. నేనూ వస్తాను. మాట్లాడేది నేను, నువ్వు నోరెత్తకు’ అని లోపలికి పోయి తలుపేసుకుంది.

మర్నాడు మంగళవారం. తలగుడ్డ గడ్డం కింద రెండు ముళ్ళేసి కట్టుకుని, ఒళ్ళో సంచి పెట్టుకుని, బావ వైపు చూడకుండా కూచుంది. ప్రయాణం సాఫీగా సాగాలని నేను చెంబుడు నీళ్ళు బండి ముందు గుమ్మరించాను. వాళ్ళటు వెళ్ళారు, ఇటు టమాటాలు మమ్మల్ని చూసి నవ్వుతున్నాయి. చేసేదేముంది? నేనూ మీ తాతా మా ట్రాక్టరుకి ట్రాలీ తగిలించి పెట్టెలు మోశాం. మీ తాత ఎత్తిన ప్రతి పెట్టెకీ మా బావని ఓ తిట్టు. మోయడం ఆ ఒక్కరోజుతో అయిందనుకున్నావా, ఆ ఏడాది పంటంతా మా ట్రాక్టరే మోసింది! అది వేరే కథ. నడుం విరిగి నేను గుమ్మంలో కూలబడ్డ వేళకి మళ్ళీ అదే గాండ్రింపు. అదే ఎర్ర బండి. నాకు ఒళ్ళు మండిపోయింది.

‘వ్యానేదే?’ అని అరిచాను. ‘షాపు మూసుంది’ అంది అక్క. ‘మంగళవారం పూటా?’ ‘మూసుందంటే మూసుంది.’ అంటూ బూటు విప్పి దులిపింది. ఇసక! సెరెస్‌లో ఇసకెక్కడిదిరా, సముద్రం దాకా పోయారన్నమాట! బావ ఆకాశం చూస్తున్నాడు. అక్క మొహం ఎండకి కందగడ్డలా ఉంది, జుట్టు చూస్తే పిచ్చుకగూడు. పెళ్ళయ్యాక వీధిలో దాని జుట్టు చూడటం అదే మొదటిసారి. కుళ్ళుకున్నాన్రా, నిజం చెబుతున్నా, సొంత అక్కని చూసి కుళ్ళుకున్నాను. ‘తలగుడ్డేదీ?’ అన్నాను. ‘సరిహద్దు గేటు దాటగానే గాలికి ఎగిరిపోయింది.’ ‘బండాపి తెచ్చుకోకపోయారా?’ అంటే, అది బావ వైపోసారి చూసి, ‘ఆపమంటే ఆపేవాడే. నేనే అనలేదు’ అంది.

...ఏవిట్రా అలా చూస్తావు? తిను, చల్లారిపోతోంది.