రెండు వేల పదమూడులో ఆగిన మిషన్

మంగళవారం పొద్దున పదింటికి బహ్గత్ ఈజిప్టులోని డామియెట్టా ఊళ్ళో, వడ్రంగుల వీధిలో ఉమ్మ్ రిదా టీ బండి దగ్గర కూలబడ్డాడు. ఎల్లుండి గురువారం కూతురు ఇనాస్ పెళ్ళి. ఆ రోజు మధ్యాహ్నమే సామానంతా ట్రక్కులకెక్కించి, డప్పులతో ఊరంతా తిప్పి మగపెళ్ళివారింటికి చేర్చాలి. మంచానికి కాళ్ళవైపు పలక వారం కిందటే వచ్చింది, తలవైపు పలక ఇంకా రాలేదు. అది లేకుండా మంచం వెళ్తే వియ్యపురాలు గలీలా ట్రక్కుని గుమ్మంలోంచే వెనక్కి తిప్పేస్తుంది. పైగా ఆవిడ ముందే కచ్చితంగా చెప్పేసింది, చెక్కడం కంప్యూటర్ మిషన్‌దే కావాలి, చేతిపనైతే ఒక గులాబీ నవ్వుతుంది, పక్కది ఏడుస్తుంది అని.

ఆ మిషన్ నడిపే వగ్దీని వీధంతా ఉస్తా, అంటే మేస్త్రీ, అని పిలుస్తుంది. ఆ వగ్దీ ఉస్తా మాత్రం షెడ్డుకి తాళం వేసి, బండి ముందు స్టూలు మీద తీరిగ్గా కూర్చుని, టీలో నాలుగో చెంచా చక్కెర కలుపుకుంటున్నాడు.

"ఉస్తా, నా పలక..." అన్నాడు బహ్గత్.

"వస్తోందయ్యా, కంగారెందుకు! అసలు నీ పలక ఏ మిషన్ మీద ఉందో తెలుసా నీకు? విండోస్ ఎక్స్‌పీ! కంపెనీవాళ్ళు ఇంక దీన్ని మేం చూసుకోం, అప్‌డేట్లు పంపం అని చేతులు దులిపేసుకున్న రోజున ఈ వీధిలో వాళ్ళంతా లబోదిబోమని కొత్తవి కొన్నారు. నేను కొన్నానా? కొనలేదు. ఏం చేశానో తెలుసా? నెట్ వైరు పీకేశా. పీకి, గడియారంలో తేదీ రెండు వేల పదమూడుకి తిప్పేశా. డిసెంబరు రాగానే మళ్ళీ జనవరికి తిప్పేస్తా. అంతే! సపోర్టు ఆగిపోయిందని దానికి ఇప్పటికీ తెలీదు. నేను చెప్పలేదు."

పక్కన హుక్కా పీలుస్తున్న పాలిష్ పనివాడు షిర్బీనీ తల ఊపాడు. "ఇందులో అబద్ధం లేదు. నేనూ అలాగే చేశా ఒకసారి."

ఒకడు ఒప్పుకోవడంతో వగ్దీకి ఊపొచ్చింది. "ఇదేం చూశావ్! ఆ ఎండాకాలం కరెంటు పోయిందే, గుర్తుందా? మిషన్ సగం గులాబీలో ఉంది. ఆగిందా, చెక్క పాడు. నేనేం చేశానంటే, నైలులో షాక్ కొట్టే చేపలుంటాయి చూడు, నాలుగింటిని తొట్లో వేసి, తోకలకి వైర్లు చుట్టి, కంప్యూటర్‌కి కలిపా. పదకొండు గంటలు! లైటు కూడా మిణుకుమనలేదు."

"చేపలు అలిసిపోవా?" అన్నాడు షిర్బీనీ.

"అలిసిపోతాయి. అందుకే షిఫ్టులు పెట్టా. మధ్యాహ్నం నమాజు అయ్యాక రెండో నాలుగు దిగేవి."

"గురువారం పెళ్ళి ఉస్తా," అన్నాడు బహ్గత్.  పొద్దున ఇనాస్ పరుపుని గోడకి ఆనించి, "నాన్నా, తలవైపు పలక ఎప్పుడొస్తుంది?" అని అడిగింది, సాయంత్రానికల్లా తెస్తానని మాటిచ్చి వచ్చాడు.

"గురువారం కదా, బుధవారం కాదు కదా! విను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మన్సూరా నుంచి ఒక వ్యాపారి పెన్‌డ్రైవ్‌లో డిజైను తెచ్చాడు, దాంట్లో వైరస్. ఇంతింత ఉంది. ఇంకెవడైనా అయితే ఏడ్చేవాడు. నేను తేదీని ఇంకా వెనక్కి తిప్పా. ఎంత? పంతొమ్మిది వందల అయిదు! అప్పటికి ఆ వైరస్ రాసినవాడి తాత కూడా పుట్టలేదు. ఇంక వైరస్ ఎక్కణ్ణుంచి వస్తుంది? చచ్చూరుకుంది."

"అప్పటికి కంప్యూటర్లూ పుట్టలేదుగా?"

"దానికెవడు చెప్పాడు షిర్బీనీ?"

షిర్బీనీ ఆలోచించి, న్యాయమే అన్నట్టు మళ్ళీ హుక్కా అందుకున్నాడు.

"ఈ సంగతి పాకిపోయింది. కంపెనీవాళ్ళు అయిదుగురు, అంతా సూట్లు, పడవేసుకుని సముద్రంలోంచి రాస్ ఎల్ బర్ దగ్గర నైలులోకొచ్చి తిన్నగా నా షెడ్డు ముందు దిగారు. ఉస్తా, మా దగ్గరే ఇది నడవడం లేదు, నీకెలా నడుస్తోంది అని ఒకటే ఏడుపు. పెద్దాయన వంగి కీబోర్డుని ముద్దుపెట్టుకున్నాడు. మా దేశం రా, ప్రపంచం మొత్తానికి సపోర్టు నువ్వే ఇవ్వు అన్నాడు. నేనేమన్నానో తెలుసా? బహ్గత్ కూతురి మంచం ఉంది, అదయ్యాక మాట్లాడదాం అన్నా."

ఉమ్మ్ రిదా గ్లాసులు కడగడం ఆపి చేతులు తుడుచుకుంది. "అదంతా సరే ఉస్తా, నీ షెడ్డు వెనక కిటికీలోంచి పిల్లికి ఇప్పుడే పాలు పోసొచ్చా. పిల్లలు మూడూ కళ్ళు తెరిచాయి. వాటిని ఆ కంప్యూటర్ డబ్బాలోంచి తీసెయ్యమంటావా, ఇంకో వారం ఉండనివ్వమంటావా?"

"ఏ కంప్యూటర్ డబ్బా?" అన్నాడు షిర్బీనీ.

"ఇంకేదీ, మిషన్‌దే! రంజాన్ నుంచీ లోపలంతా ఖాళీయేగా. పాపం, ఈనడానికి చోటు దొరికింది దానికి."

 బహ్గత్‌కి ఒక సంగతి తట్టింది. "రంజాన్ నుంచీ మిషన్ లేకపోతే, పోయిన వారం మా ఇంటికొచ్చిన పలక ఎవరు చెక్కారు?"

"చల్లగాలి కోసం మూత తీశానంతే..." అన్నాడు వగ్దీ.

"ముప్పై ఏళ్ళుగా మంచాలకి గుడ్డ బిగించే పనే నాది ఉస్తా," అన్నాడు బహ్గత్. " మిషన్‌లో చెక్కే బిట్టు గుండ్రంగా ఉంటుంది, అది తిరిగిన ప్రతి మూలా గుండ్రంగానే వస్తుంది. నీ గులాబీ రేకు మూలలో గోరు పెట్టి చూస్తే కోసుకుంది. అది ఉలి పని."

"అది... కొత్త అప్‌డేట్," అన్నాడు వగ్దీ.

"పంపడం మానేశారన్నావుగా?" అంది ఉమ్మ్ రిదా.

వగ్దీ గ్లాసు కింద పెట్టాడు. వేళ్ళకి మూడు చోట్ల గుడ్డపీలికలు కట్టున్నాయి. "చేతిపనంటే ఎవడూ గుమ్మం తొక్కట్లేదు బహ్గత్. మా నాన్న నేర్పిన పని ఇది. మిషన్ చచ్చిందని తెలిస్తే నేనూ చచ్చినట్టే. తలుపేసుకుని చెక్కుతున్నా. నీ పలకలో ఒక్క గులాబీ మిగిలింది. చెయ్యి పట్టేసింది, పలక కదలకుండా పట్టుకునేవాడు లేడు. సిగ్గేసి ఇక్కడ కూర్చున్నా."

బహ్గత్‌కి కోపం రావాల్సిందే, వచ్చింది కూడా. కానీ ఆ రేకుని ఇనాస్ ఎన్నిసార్లు నిమిరిందో తను చూశాడు. లేచి నిలబడ్డాడు.

"లే. నేను పలక పట్టుకుంటా, నువ్వు చెక్కు."

"మీ వియ్యపురాలు?"

"ఆవిడ సంగతి నాకొదిలెయ్."

వగ్దీ లేచాడు. వేళ్ళు ఒకసారి ముడిచి విప్పి, తాళంచెవి తీశాడు. నాలుగడుగులు వేశాడో లేదో మెడ నిటారుగా లేచింది. "ఒక్క గులాబీ ఏముందయ్యా! ఒకసారి నేనూ మా నాన్నా ఒక్క పూటలో, ఒకే ఉలితో, ఏం చెక్కామో తెలుసా?"

"తెలీదు," అన్నాడు బహ్గత్, "చెక్కుతూ చెప్పు."