గంటకీ ఒడ్డుకీ మధ్య ఆరు మీటర్లు

హలో… ఆ, నేనే. ముందు ఆ టంగు టంగు మోత ఏమిటో చెప్పు… నీళ్ళమీద తేలే గంటా? ఇంత పొగమంచులో పడవేసుకుని అక్కడేం చేస్తున్నావు?

— ఓహో. సిగ్నల్ లేకున్నా పనిచేసే సముద్ర పటమా. ఇంట్లోనే ఫోన్లోకి దింపుకున్నావా. శభాష్, కెప్టెన్ గారూ. ముప్పై ఏళ్ళు ఈ రేవు లోతులు కొలిచిన బావకి ఫోన్ చేసి మరీ చెప్పవలసిన ఘనకార్యమే.

— నేను నవ్వడం లేదు. మీ అక్క నవ్వుతోంది. మొన్న బకెట్టు నీళ్ళకే జారిపడ్డ తమ్ముడు, ఇవాళ సముద్రాన్ని ఏలుతున్నాడని.

— ఆ బాణం గుర్తు నువ్వా? వేలితో లాగితే సముద్రం పెద్దదవుతుందా? ఎంత వినయమో దానికి. మేము బారల కొద్దీ తాడు పట్టుకుని, సీసపు గుండు దింపి, అరచేతులు ఒలుచుకున్నదంతా దండగన్నమాట.

— పది నిమిషాల్లో ఎలా వస్తావు? గంట అవతలనుంచి చుట్టి వస్తే అరగంట.

— ఏమిటీ…

గంటకీ ఒడ్డుకీ మధ్యనుంచా?

— ఆపు. గేరు తియ్యి. నేను చెప్పేదాకా ముందుకు రాకు… తీశావా?… పాప ఎక్కడ?… ముందు కొసన కూర్చోబెట్టావా, నా కూతుర్ని? వెనక్కి రమ్మను.

— ఆరు మీటర్లు. అలా ఉందా పటంలో. ఆ ఆరు వేసినవాడెవడో గాని తాడు తడపనివాడు. కుర్చీలో కూర్చుని, అటు అంకె, ఇటు అంకె చూసి, మధ్యలో తోచింది పెట్టిన సోమరి. అక్కడ రాయి ఉంది, నాయనా. నీళ్ళు దిగే వేళ మోకాలి లోతు. దానిమీద అల కూడా విరగదు, చప్పుడే ఉండదు.

— పటం అబద్ధం చెప్పదా? సరే. మూలన సన్నని అక్షరాలుంటాయి, ఎప్పుడు కొలిచారో, ఎవరు కొలిచారో. పెద్దవి చేసి చదువు. వాడి పరువెంతో చూద్దాం.

— ఏ ఏడాది?

— ఇంకోసారి.

— కొలిచినవాడి పొడి అక్షరాలు?





— అవును… నావే.

— ఆ రోజు అలలెక్కువ. పడవవాడు అటు పోనన్నాడు… కాదు, నేనే పొమ్మనలేదు. ఆరు వేశాను. రాయి సంగతి తర్వాత పడవవాళ్ళే చెప్పారు. దిద్దితే, కొలవలేదని తేలిపోతుందని ఊరుకున్నాను. నా వెనక ఎవరో ఒకరు మళ్ళీ కొలవకపోతారా అనుకున్నాను… ఫోన్‌ని ఏమీ అనకు. అది నేను రాసిందే చదివింది.

— తిట్టు. ఇంటికొచ్చి తీరిగ్గా తిట్టు. నీళ్ళు దిగుతున్నాయి. మెల్లగా వెనక్కి పోనీ… గంట దగ్గరవుతోందా?… ఇంకా… ఇంకా… దాటావా?

— పాప ఏమంటోంది?… నాన్న అబద్ధం రాశాడనా? అననీ. నిజమే కదా.

— ఇప్పుడు గంట నీకూ ఒడ్డుకీ మధ్య ఉందిగా. ఇక చుట్టి రా.

— ఆగు, పెట్టెయ్యకు. ఆ పటంలో మనం గుర్తు పెట్టుకోవచ్చా?… వేలు నొక్కి ఉంచితే చాలా? పెట్టు. సరిగ్గా నడుమ… ఏమిటి, పేరు అడుగుతోందా?

— ఆ రాయికి పేరుంది. పడవవాళ్ళు పెట్టిందే. ఇన్నేళ్ళూ నా నోట రాలేదంతే. రాసుకో…

మూగెద్దు.