మాజీ అధ్యక్షుడి ధన్యవాదాలు

జనగామలో సాహిత్య సమితిని పుట్టించి, ఏళ్ల తరబడి దానికి అధ్యక్షుడిగా ఉన్న తెలుగు పండితుడు ఆ సాయంత్రం మాజీ అధ్యక్షుడై, మెడలో దండతో ఇంటికొచ్చాడు. భార్య మంచినీళ్లిచ్చింది.

“సన్మానం మంచిగైందా?”

“సన్మానమా? నన్ను దింపుడుకు వాళ్లు పెట్టుకున్న పేరది. జగపతిరావును నా కుర్చీల కూసోబెట్టిండ్రు.”

“మీ గురించి ఏమన్నరు?”

“మైకాయనకు, షామియానా ఏసినోళ్లకు ధన్యవాదాలు చెప్పిండ్రు. నా పేరు కాడికి రాంగనే కరెంటు పోయింది. ఇగ అందరు లేచి పోయిండ్రు. ఎంత కృతఘ్నులే! అరవై తొమ్మిదిల తెలంగాణ గొడవలప్పుడు సభకు ఎవ్వలు జాగ ఇయ్యకపోతే, అప్పటి సంది నెలనెల సభ మనింట్లనే కద నడిపిచ్చిన!”

“అవును. మీరు ముందటింట్ల పద్యాలు చదివిండ్రు, నేను వంటింట్ల యాభై మందికి ఉప్మా చేసిన. మీరు గూడ మాట్లాడిండ్రా?”

“అరగంట మాట్లాడిన. ఒక్కలను మర్వకుంట అందరికి కృతజ్ఞతలు చెప్పిన.”

“అందరికా?”

ఆయన దండ తీసి పక్కన పెట్టాడు.

“సభల ఇంటోళ్ల పేర్లు ఎట్ల చెప్తరే?”

“నిజమే. ఇగ సభలు ఎవరింట్ల?”

“జగపతిరావు ఇంట్లనే.”

“అయితే రేపు పోయి ఆయన భార్యను కలిసొస్త. పాపం, ఉప్మా సంగతి ఆమెకు ఇంకా ఎవ్వలు చెప్పి ఉండరు.”