నీళ్ల అంచు గడ్డి

ఆత్మకూర్ దగ్గరి ఒక ఊళ్లో, గొర్రెల దొడ్డి ముందు ఎల్లస్వామి, అతని భార్య ఈదమ్మ.

"మెల్లగ మాట్లాడయ్య. పక్క దొడ్ల నీ దాయాది వెంకన్న ఇంటడు."

"ఇననియ్యి. రేపో మాపో వాని మందకు గూడ దవడల కింద నీళ్ల సంచులు దిగుతయి. మనయి పన్నెండు గొర్లు పోయినట్టె పోతయి."

"ఏం, శాపం పెట్టినవా?"

"శాపం గాదు, చదువు! డాక్టరమ్మ మన సచ్చిన గొర్రె కార్జం కోసి చూపలేదా? ఆకు లెక్క పురుగు. జలగ అన్నది."

"ఆమె కోసి చూపేదాంక నువ్వేమొ జలగంటె మూతికి పట్టేదనుకుంటివి. నెలంత గొర్ల ముక్కులల్ల ఉప్పునీళ్లు పోస్తివి."

"ఇప్పుడెందుకే గది! వాడు చెరువు బాటకు కంచె కొట్టబట్టే గద, మన గొర్లు మురికి మడుగు పాలైనయి. ఇను. కార్జంల పురుగు గుడ్లు పెడతది. గుడ్లు పెంటికలతోని నీళ్లల్ల పడతయి. పిల్ల పురుగు పోయి నత్తల జొరబడతది."

"నత్తలనా?"

"నత్తలనే. ఆడ ఒకటికి వందలయి బయటికొచ్చి, నీళ్ల అంచు గడ్డికి అంటుకుంటయి. కంటికి ఆనయి. గా గడ్డి మేసిందా, సక్కగ కార్జానికే."

"అయితె?"

"అయితె ఏంది? దసరప్పుడు మన రోగం గొర్ల పెంటికలు బుట్టెడు, మడుగు నత్తలు చాటెడు... వాని కుంటల పోసొచ్చిన."

"ఏ కుంటల?"

"మోటబాయి కాడ. వానికున్నదే ఒక్కటి గద."

"గడ్డిని... కడిగితె పోదా?"

"పోదంట. నీకెందుకే? మన ఆరు గొర్రెపిల్లల్ని నువ్వు దొడ్డి దాటనిస్తలేవు. మంచి పని. మనకు మిగిలిన మంద గదే."

"నల్ల పిల్లకు పొద్దుగాల దవడ కింద మెత్తగ తాకింది. కందిరీగ కుట్టిందనుకున్న."

"కందిరీగే అయితది. పచ్చగడ్డి బాగ పెట్టు. అవునే, గింత ఎండల గంత పచ్చగడ్డి నీకు యాడ దొరుకుతాంది?"

"బాట మూసిండని నాకు మాత్రం కడుపు మండదా? మూడు నెల్ల సంది, వాడు మందను తోలుకపోంగనే... వాని కుంట అంచుదే, మోపులకు మోపులు కోసుకొస్తున్నయ్య."