చుక్క నీరు కదలని నేల

ఫాంగ్ అక్క గంజి హోటలు పక్క వీధిలోకి మారుతోంది. కొత్త వంటింటికి పెద్ద టైల్స్ ఎవరితో వేయించాలో తెలీడం లేదని మా అందరి ముందూ ఒక్క మాట అంది, అంతే. మాక్ మేస్త్రీ గంజి గిన్నె పక్కకి నెట్టి బల్ల మీద ఒక్క చరుపు చరిచాడు.

"నేనిక్కడ కూర్చునుండగా ఎవరితో వేయించాలా అని ఆలోచనెందుకక్కా? మన ఫోషాన్ ఊళ్ళో టైలు కాల్చేవాళ్ళు వీధికి పదిమంది. పరిచేవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు, జరిగింది జరిగినట్టు చెప్తా. చేపల బజారు చివర ఎర్ర రేకు తలుపు కొట్టు ఉందే, ఆ నేల నాదే. ఒక్కో పలక మనిషి పొడుగు. అంత పలక బట్టీలోంచే కాస్త వంగి వస్తుంది, ఆ సంగతి తెలీకే మిగతావాళ్ళు చెడగొడతారు. కింద గమ్ము దువ్వెనతో దువ్వినట్టు ఒకే వైపుకి గీశా, పలక వెనకా పూశా, అంచుకీ అంచుకీ క్లిప్పులు బిగించా. మర్నాడు క్లిప్పులు తన్ని తీసేసి అతుకు మీద గోటితో గీస్తే, గోరు ఎక్కడా తగల్లేదు."

"బాగానే ఉంది," అంది ఫాంగ్ అక్క, నూనెలో పిండి కడ్డీలు తిప్పుతూ. అలా అనకుండా ఉండాల్సింది.

"బాగానే ఉందా? ఆ తర్వాత ఏమైందో విను! నేల మధ్యలో ఓ గోళీ పెట్టా. యజమాని బోర్లా పడుకుని ఊదాడు. గోళీ అటు చూసింది, ఇటు చూసింది, ఎటు పల్లమో తేలక అక్కడే కూర్చుంది. వాళ్ళావిడ పాపం ఎన్నాళ్ళో దాని చుట్టూనే ఊడ్చుకుంది. చీమలైతే, అతుకులో దూరదామని వచ్చి, అతుకే కనపడక ఏడ్చుకుంటూ పోయాయి."

మూల బల్ల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లేసుకున్న కొత్త మనిషి.

"నవ్వకయ్యా బూట్లాయనా! చుక్క వాన లేకుండా నువ్వలా తయారై వస్తే మేం నవ్వామా? వినక్కా, నేల సమంగా ఉందో లేదో చూసే రసమట్టాలు చేసే ఫ్యాక్టరీ వాళ్ళు బస్సేసుకొచ్చారు. వాళ్ళ సరుకంతా నా నేల మీద పెట్టి చూసుకుని, తేడా ఉన్నవన్నీ అక్కడికక్కడే విరిచి పారేశారు. భూమి గుండ్రంగా ఉందంటారే, అది ఆ కొట్టు గుమ్మం దాటాకే మొదలవుతుంది!"

"ఇంకా నయం, నేల మీద జారి ఆకాశంలో పడలేదు," అంది ఫాంగ్ అక్క.

"ఇదిగో, ఇది చెప్పాక నువ్వే అడ్వాన్సు చేతిలో పెడతావు. మధ్యలో తూముందా, దాని జాలీ కూడా నేలకి సమానంగా కూర్చోబెట్టా. జుట్టంత తేడా లేదు. అప్పుడు ఓ బకెట్టు నీళ్ళు కుమ్మరించా."

"ఎటు పోయాయండీ?" అన్నాడు బూట్లాయన.

"ఎటూ పోలా! బకెట్టు తీసేసినా బకెట్టు ఆకారంలోనే నిలబడ్డాయి!"

బూట్లాయన గిన్నె కింద పెట్టాడు. "మేస్త్రీ గారు చెప్పింది నిజమేనమ్మా. ఆ కొట్టు ఇప్పుడు నేనే అద్దెకి తీసుకున్నా."

"విన్నారా!" అని మాక్ మేస్త్రీ మా అందరి వైపూ చూశాడు.

"చేపలు కడిగిన నీళ్ళు పొద్దుట్నించీ తూము చుట్టూ నిలబడి చూస్తుంటాయి, లోపలికి మాత్రం దిగవు. చీపురుతో తోస్తే మళ్ళీ వెనక్కొస్తాయి."

అందరం ఆ బూట్ల వైపు చూశాం. మాక్ మేస్త్రీ గంజి గిన్నె మళ్ళీ దగ్గరికి లాక్కున్నాడు.

"నీళ్ళు తూములోకి జారే వాటం కావాలంటే ముందే చెప్పాలి కదక్కా," అన్నాడు చిన్నగా. "నీ వంటింటికి పెట్టమంటే పెడతా."

ఫాంగ్ అక్క పొయ్యి తగ్గించి బూట్లాయన వైపు తిరిగింది.

"అన్నా, ఆ బూట్లు ఎక్కడ కొన్నావు? పని మేస్త్రీకే ఇస్తే నాకూ ఒక జత కావాలి."