మందిరం అరుగు మీద నాలుగు ఆదివారాలు

శనివారం మధ్యాహ్నం. నిడదవోలుకి కాస్త దూరంలో, కాలవ గట్టునున్న ఊళ్ళో, మందిరాన్ని ఆనుకున్న పాస్టరు ఇల్లు. పాస్టరు ఫిన్నీ భార్య రాణి పోయి ఆ రోజుకి సరిగ్గా అయిదు వారాలు. చేపలమ్మే బేబీ గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది.

"లోపలికి రాను లెండి అయ్యగారూ. బజారు నుంచి అట్నుంచటే వచ్చేశాను, ఒళ్ళంతా నీచు వాసన."

"పరవాలేదు, రా."

"ఇక్కడే నిలబడతానండి. ఆ అట్టపెట్టెలేంటి?"

"పుస్తకాలు."

"సర్దుతున్నారాండి?"

"దుమ్ము దులుపుతున్నాను."

"తాళ్ళు కట్టి దులుపుతారా అండి?"

"బేబమ్మా, నీకేం కావాలో చెప్పు. ప్రార్థన కోసమైతే సంఘ పెద్ద ఏసుపాదంగారున్నారు, ఆయన్నడుగు. నేను మందిరం తలుపు తీయట్లేదు."

"నాకెందుకండి ప్రార్థన. నేను మీ సంఘం మనిషిని కాదు కదా. మా వీధి చివర అమ్మవారికి మొక్కుకునేదాన్ని."

"మరి?"

"నేనొచ్చింది... సామర్లకోట వెళ్ళిపోతున్నారంట కదండి, మీ అన్నగారింటికి."

"ఎవరు చెప్పారు?"

"బజార్లో అనుకుంటున్నారు."

"ఎల్లుండి పొద్దున్న బండికి."

"మళ్ళీ ఎప్పుడొస్తారండి?"

"వేరే సేవకుణ్ణి చూసుకోమని ఏసుపాదంగారికి చెప్పేశాను."

"అంటే రారన్నమాట."

"ఏముందమ్మా ఇంక నాకిక్కడ? ఇరవై రెండేళ్ళు ఈ ఊళ్ళో ప్రతి చావు మంచం దగ్గరా నిలబడి, దేవుడు మీతోనే ఉన్నాడమ్మా, ఈ గదిలోనే ఉన్నాడమ్మా అని చెప్పాను. నా ఇంట్లో మంచం ఖాళీ అయ్యాక గదిగదీ చూశాను. లేడు. లేనివాడి గురించి చెప్పుకుంటూ ఎన్నాళ్ళు తిరగను?"

"మా ఇంటికొచ్చినప్పుడూ చెప్పారండి."

"ఎప్పుడు?"

"మా దుర్గాసాయి పోయినప్పుడు. రెండేళ్ళ కిందట."

"ఆ, అవును. గట్టు మీద బండి మీద వస్తుంటే లారీ గుద్దింది."

"ఆయ్. మీ సంఘం కాకపోయినా వచ్చారు. వచ్చి, ఇది దేవుడి చిత్తం అమ్మా అన్నారు."

"అన్నాను."

"నాకు ఒళ్ళు మండిపోయిందండి."

"మండదా మరి."

"మీకిప్పుడు ఎవరైనా అన్నారా, ఆ మాట?"

"నలుగురు పాస్టర్లు అన్నారు. సమాధి దగ్గరే."

"మండిందాండి?"

"మండింది."

"అమ్మగారు మాత్రం ఆ రోజు ఏమీ అనలేదండి. మీ వెనకాలే నిలబడి ఊరుకున్నారు. ఆ తర్వాత నేను మళ్ళీ బజారుకెళ్ళి కత్తిపీట ముందు కూర్చున్నాను కదండి, చేతులు ఆడలేదు. చేపని ముక్క కొడితే నెత్తురు కనపడుతుందిగా. కనపడితే మా వాడే... బేరాలన్నీ పక్క గంపలకి పోతున్నాయి. అప్పుడొచ్చారు అమ్మగారు. ఇలా ఇయ్యి అని కత్తి పుచ్చుకుని నా పక్కన పీటేసుకు కూర్చున్నారు."

"ఎవరు, రాణీయా?"

"ఆయ్."

"చేపల బజార్లోనా?"

"మీకు తెలీదా అండి?"

"పదింటికి బయల్దేరేది రోజూ. ఇళ్ళకెళ్ళి ఆడవాళ్ళని పలకరించి వస్తానండి అనేది. అంతే తెలుసు."

"నన్ను పలకరించడానికే కదండి వచ్చేవారు. అబద్ధం కాదు లెండి."

"రోజూ వచ్చేదా?"

"ఆదివారం తప్పించి రోజూనండి. రెండేళ్ళూ. మొదట్లో పొలుసు గీకడం ఏం వచ్చేది కాదు. రాగండి చేపని చీలికలు పీలికలు చేసేస్తే, మా దగ్గర రోజూ కొనే పల్లంరాజుగారు, ఏంటిది, పిల్లి పీకిందా అన్నారు. తర్వాత్తర్వాత నాకంటే బాగా గీకేవారు. నా చేతులు కుదురుకున్నాక చెప్పాను, ఇంక రాకండమ్మగారూ, బాగోదు అని. వినలేదు."

"అందుకా నిమ్మచెక్కలు..."

"ఏంటండి?"

"దొడ్లో పంపు దగ్గర ఎప్పుడూ నిమ్మచెక్కలుండేవి. భోజనం వడ్డిస్తుంటే చేతులు నిమ్మకాయ వాసనొచ్చేవి. ఎందుకని ఒక్కసారీ అడగలేదు. నీతో ఏం మాట్లాడేది? వాక్యం చెప్పేదా?"

"ఒక్క రోజూ దేవుడి మాట ఎత్తలేదండి. నేనే ఉండబట్టలేక అడిగేశాను, నన్ను మీలో కలుపుకోడానికి వస్తున్నారా అని. కాదు, చేపలు గీకడానికొస్తున్నాను అన్నారు."

"అలా అందా."

"మావాడి గురించి చెప్పమనేవారండి. చిన్నప్పుడేం తినేవాడు, ఏమని పిలిచేవాడు, అవన్నీ. చెప్పిందే మళ్ళీ చెప్పినా, ఇందాకే చెప్పావే అనేవారు కాదు. అచ్చాయమ్మ దగ్గరా అంతేనంట."

"ఏ అచ్చాయమ్మ? మన మందిరంలో మూడో వరసలో కూర్చునే ముసలావిడా?"

"ఆవిడేనండి. మంగళవారం, శుక్రవారం అమ్మగారే నీళ్ళు పోసేవారు. ఆదివారం చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి మూడో వరసలో కూర్చోబెట్టేవారు."

"చెయ్యి పట్టుకోడం ఎందుకు? నడుస్తుందిగా."

"కళ్ళు కనపడవు కదండి ఆవిడకి."

"అచ్చాయమ్మకా?"

"మూడేళ్ళయిందండి."

"నేనెదురొస్తే వందనాలయ్యగారూ అంటుంది."

"మీ చెప్పుల చప్పుడు విని అంటుందండి."

"నేను... ప్రతి ఆదివారం ఆవిడ వైపు చూసే చెప్తాను వాక్యం. శ్రద్ధగా చూస్తోంది అనుకునేవాణ్ణి."

"వింటుంది కదండి. అది చాలు."

"ఇప్పుడెవరు పోస్తున్నారు నీళ్ళు?"

"ఏసుపాదంగారి కోడలు సత్యశ్రీ. మీ సంఘంలో కిడ్నీలు పాడైన బుల్లియ్యకి రక్తం శుభ్రం చేయించడానికి వారానికి రెండుసార్లు రాజమండ్రి వెళ్ళాలి కదండి, మధ్యాహ్నం బస్సులో తోడు అమ్మగారే వెళ్ళేవారు, ఇప్పుడు ఏసుపాదంగారు వెళ్తున్నారు. ఆదివారం అచ్చాయమ్మని తీసుకురావడం నా వంతు."

"ఎవరు పంచారు ఈ వంతులు?"

"ఎవరూ పంచలేదండి. అమ్మగారు పోయాక మంగళవారం వచ్చింది. ఆవిడకి నీళ్ళెవరు పోస్తారని సత్యశ్రీ వెళ్ళింది. అంతే."

"ఆగు. ఆదివారం ఎక్కడికి తీసుకొస్తున్నావు ఆవిణ్ణి? మందిరానికి తాళం వేసి ఉందిగా."

"అరుగు మీద కూర్చుంటారండి అందరూ."

"ఎవరందరూ?"

"మీ సంఘమేనండి. నలభై మంది దాకా. అరుగు చాలకపోతే మెట్ల మీద, చాపలేసుకుని."

"ఎప్పట్నుంచి?"

"నాలుగు ఆదివారాలు."

"నాకు వినపడలేదే."

"మీకు వినపడకూడదనేనండి, పాటలు పాడట్లేదు. మీరు కిటికీలన్నీ వేసుకుని పడుకుంటారు కదా, పడుకోనీ పాపం అని ఏసుపాదంగారు అందరికీ చెప్పారు. చెప్పులు కూడా అవతల రోడ్డు మీదే విప్పుతారు."

"పాటలు లేవు. వాక్యం?"

"ఎవరూ చెప్పరు."

"మరేం చేస్తారు?"

"కూర్చుంటారండి. గంటన్నర. తర్వాత లేచి ఇళ్ళకి వెళ్ళిపోతారు."

"పాట లేదు, ప్రార్థన లేదు. తాళం వేసిన తలుపు ముందు. ఎందుకమ్మా?"

"మీరు లోపల ఒక్కరే ఉన్నారు కదండి."

"నా కోసమా..."

"ఏడవకండి అయ్యగారూ. నేనొచ్చింది మిమ్మల్ని ఏడిపించడానికి కాదు."

"వాళ్ళకి తెలీదు, బేబమ్మా. నేనేం చేశానో తెలిస్తే కూర్చోరు. మొహం మీద ఉమ్మేసి పోతారు."

"అవేం మాటలండి."

"నీకూ తెలీదు."

"వద్దులెండి ఇప్పుడు. మంచినీళ్ళు తాగండి."

"చెప్పనీ. రేపోమాపో వెళ్ళిపోయేవాణ్ణి. ఆ రోజు శనివారం. ఆదివారం వాక్యం రాసుకుంటున్నాను, ఆ బల్ల దగ్గరే. రాణి వచ్చి, ఏవండీ, పొద్దుట్నుంచి ఎడం చెయ్యి లాగేస్తోంది, దవడ కూడా నొప్పిగా ఉంది అంది."

"మీకు... మీకు చెప్పారా అండి?"

"చెప్పింది. నేను తలెత్తలేదు. గ్యాస్ అయ్యుంటుంది, మజ్జిగ తాగి కాసేపు పడుకో అన్నాను. పోనీ నిడదవోలు వెళ్ళి డాక్టరుకి చూపించుకుందామా అంది. ఇది అయ్యాక చూద్దాంలే, మధ్యలో లేపకు అన్నాను. సరేలెండి, రాసుకోండి అని తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది. ఏం రాస్తున్నానో తెలుసా?"

"వద్దండి."

"దేవుని సన్నిధి. ఆ వారం వాక్యం అదే. మన పక్కనే ఉన్న దేవుణ్ణి మనం గుర్తుపట్టం అని నాలుగు పేజీలు రాశాను. రాస్తూనే ఉన్నాను, బజార్లో పడిపోయిందని కబురొచ్చేదాకా."

"అయ్యగారూ..."

"ఉన్నట్టుండి పడిపోయిందన్నారు అందరూ. ఆవిడకి బాధ తెలిసుండదు, క్షణంలో అయిపోయింది అని ఓదార్చారు. నేను ఊఁ కొట్టాను. ఒక్కరికీ చెప్పలేదు, నాకు ముందే చెప్పిందని. ఆ నోటితో మళ్ళీ మందిరంలో నిలబడి ఏం చెప్పను? అందుకే వెళ్తున్నాను. ఇప్పుడు చెప్పు, ఎవరు కూర్చుంటారు నాకోసం?"

"ఉన్నట్టుండి పడిపోయారని మీకు చెప్పిందెవరండి?"

"అందరూ."

"అందరికీ చెప్పిందెవరు?"

"నువ్వే కదా. చేపలు కొనడానికొచ్చి నీ పక్కనే పడిపోయిందన్నారుగా."

"నేనే అండి."

"అయితే?"

"ఉన్నట్టుండి పడిపోలేదండి అమ్మగారు."

"ఏంటి?"

"ఇది చెప్పాలనే వచ్చానండి. నాలుగు ఆదివారాలూ ఆ అరుగు మీద కూర్చుని, ఇవాళ చెప్తాను, ఇవాళ తలుపు కొడతాను అనుకుంటూనే ఉన్నాను. కాళ్ళు రాలేదు. మీరు ఊరొదిలి వెళ్ళిపోతున్నారని తెలిసి, గంప అక్కడే వదిలేసి వచ్చేశాను."

"ఏం జరిగింది?"

"వచ్చి కూర్చోగానే చెప్పారు నాకు. దవడ నొప్పిగా ఉంది బేబీ, చెయ్యి బరువుగా ఉంది అని. మొహం అంతా చెమట. ఆ రోజు పల్లంరాజుగారింట్లో చుట్టాలొచ్చారు. నాలుగు రాగండి చేపలు, ఒక్కోటి రెండు కేజీలు. మనిషి నిలబడే ఉన్నాడు తీసుకెళ్ళడానికి. నేను... ఈ ఒక్క బేరం తెమిలాక ఆటోలో తీసుకెళ్తాను, కాస్త ఓర్చుకోండమ్మగారూ అన్నానండి."

"ఊఁ."

"అయ్యగారికి ఫోన్ చెయ్యనా అని కూడా అడిగాను. వద్దు, వాక్యం రాసుకుంటున్నారు, ఆయన్ని ఈ పూట కదపకు అన్నారు. కత్తి అందుకున్నారు. వద్దనలేదండి నేను. నొప్పి అన్న మనిషి చేతిలోంచి కత్తి లాక్కోలేదు. త్వరగా అయిపోతుంది కదా ఇద్దరం చేస్తే అనుకున్నాను."

"తర్వాత?"

"మూడు చేపలు గీకారు. నాలుగోది ఒళ్ళో పెట్టుకుని, బేబీ, ఒక్క నిమిషం అన్నారు. నేను తల తిప్పేసరికి..."

"ఊఁ."

"నా బిడ్డ పోయినప్పుడు నా పక్కన కూర్చున్న మనిషండి. ఆవిడకి నేను ఒక్క పావుగంట ఇవ్వలేకపోయాను. తిట్టండి అయ్యగారూ. పోలీసులకి చెప్తానన్నా వస్తాను."

"నేనేం తిట్టను. నాకు చెప్పాక పదింటిదాకా ఇంట్లోనే ఉంది, నా దగ్గర గంటన్నర ఉందమ్మా ఆ రోజు. నీ దగ్గర పావుగంటే ఉంది."

"మీకు ముందే చెప్పారని నాకు తెలీదు కదండి. నా ఒక్కదానికే చెప్పారనుకున్నాను."

"నేనూ అదే అనుకున్నాను."

"ఇంటికెళ్తే మా ఆయనకి చెప్పలేను. అరుగు మీద ఎవరికీ చెప్పలేను. నాకు ప్రార్థన చెయ్యడం రాదు. మీరెళ్ళిపోతే ఈ మాట చెప్పుకోడానికి నాకింకో మనిషి లేడండి."

"ఆ మూడు చేపలు..."

"ఏంటండి?"

"ఆ మూడు చేపలూ గీకుతున్నంతసేపూ ఏం మాట్లాడింది? మొదట్నుంచి చెప్పు."

"ఇప్పుడా అండి?"

"ఇప్పుడే. నెమ్మదిగా చెప్పు బేబమ్మా. నాకింక వేరే పనేం లేదు."